రెండు కుర్చీలు - ఒక రసీదు పుస్తకం



ఈ వారం పాత వాల్‌పోస్టర్ల కబుర్లు చెబుదామని కాగితాలు సర్దుకుని కూర్చున్నాను. ఇంతలో ఒక ఉత్తరం అడ్డం పడింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒక తమ్ముడు రాశాడు. పేరు, వూరు వేయొద్దన్నాడు కాబట్టి వేయడం లేదు. సంగతి మాత్రం మీ అందరికీ పనికొచ్చేదే.

వాళ్ళ వూళ్ళో కుర్రాళ్ళంతా కలిసి ఒక సినిమా క్లబ్బు పెట్టుకున్నారట. నెలకో మంచి సినిమా చూడ్డం, చూశాక గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకోవడం. అరవైమంది దాకా సభ్యులున్నారు. ఇతగాడు ట్రెజరర్. పదవీకాలం ఇంకా ఏడాది వుంది. ఈలోగా ప్రెసిడెంటుగా వున్నాయన వుద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీకి ఎన్నిక పెట్టారు. మనవాడికి నిలబడాలని వుంది. అవతల నిలబడిన వాడు ప్రాణస్నేహితుడు!

"సార్, 'ట్రెజరర్ పదవికి రాజీనామా చేసి పోటీ చెయ్, లేదా నోరు మూసుక్కూర్చో' అంటున్నారు వాడి తరఫువాళ్ళు. రాజీనామా చేసి ఓడిపోతే నేను ఎటూ కాకుండా పోతాను. చేయకపోతే దొంగనంటారు. సభ్యత్వం డబ్బులన్నీ నా ఫోన్ నంబరుకే వస్తాయి. మా రూల్సు కాగితంలో దీన్ని గురించి ఒక్క ముక్క లేదు. ఏం చెయ్యమంటారు?" అని అతని ప్రశ్న.

ఉత్తరంలో "సభ్యత్వం డబ్బులన్నీ నా ఫోన్ నంబరుకే" అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే దాదాపు నలభై ఏళ్ళ కిందట ఆ ఫోన్ స్థానంలో ఒక రసీదు పుస్తకం వుండేది. అది నా సంచీలో వుండేది.

సరే, ఫ్లాష్‌బ్యాక్‌లోకి వెళదాం.

* * *

అప్పట్లో మా వూళ్ళో ఒక ఫిల్మ్ సొసైటీ వుండేది. ఆదివారం పొద్దున్నే స్కూలు హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి, పదహారు ఎమ్మెమ్ ప్రొజెక్టరు మీద సినిమా వేసేవాళ్ళం. ప్రింటు రేకు పెట్టెలో రైలు పార్సిల్లో వచ్చేది. సోమవారం మళ్ళీ రైలెక్కించాలి. ఇచ్చినవాళ్ళకి సమయానికి చేరకపోతే తర్వాతి సినిమా ఇవ్వరు. ఆ ఉత్తరాలు రాసేది, మినిట్సు రాసేది, రసీదులు కోసేది, సభ్యుల రిజిస్టరు దాచేది సెక్రటరీ. అంటే నేనే.

వైస్ ప్రెసిడెంటు ఒక డ్రాయింగ్ మాస్టారు. వచ్చే ఆదివారం సినిమాకి చేత్తో బొమ్మ వేసి పోస్టరు తయారుచేసేది ఆయనే. మాకందరికీ సినిమాని ఫ్రేము ఫ్రేముగా చూడ్డం నేర్పిందీ ఆయనే. ప్రెసిడెంటుగారు వూరు మారితే ఖాళీ వచ్చింది. మాస్టారు నిలబడ్డారు. కుర్ర వుడుకు... నేనూ నిలబడ్డాను.

మా రూల్సులో దీన్ని గురించి ఏమీ లేదు. అంచేత సెక్రటరీ పదవికి రాజీనామా చేయలేదు. ఎవరూ అడగనూ లేదు. ఎన్నికకి ముందు నెలలో కొత్త సభ్యుల్ని చేర్పించాను. పదహారు మంది. అందరూ నా స్నేహితులూ, వాళ్ళ స్నేహితులూ. చందా కట్టారు, రసీదు తీసుకున్నారు. ఎక్కడా దొంగతనం లేదు, దొంగ ఓటు లేదు. నాకు నలభై ఒకటి, మాస్టారికి ముప్ఫైనాలుగు. ఏడు ఓట్లతో గెలిచాను. ఆ పదహారు తీసేసి లెక్క చూసుకోండి, మీకే తెలుస్తుంది.

చప్పట్లు కొట్టారు. మాస్టారూ కొట్టారు. హాలు ఖాళీ అయ్యాక నా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగారు. "ఏవోయ్, ఈ నెలంతా రసీదు పుస్తకం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే మాస్టారూ" అన్నాను.

"ఊ" అన్నారు. అంతే. మరుసటి ఆదివారం ఆయన రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. పోస్టరు లేని గోడ కేసి చూసి, సినిమా లేదేమోనని కొంతమంది వెనక్కి వెళ్ళిపోయారు.

అసలు విషాదం సెకండాఫ్‌లో వుంది. నేను ప్రెసిడెంటునయ్యాను, సరే. మరి సెక్రటరీ ఎవరు? ఖాళీ అయిన కుర్చీని ఎలా నింపాలో కూడా రూల్సులో లేదు. "చూద్దాంలే" అనుకుంటూ ఆరు నెలలు రెండు కుర్చీల మీదా నేనే కూర్చున్నాను. మినిట్సు ఆగిపోయాయి. ఒక ప్రింటు నాలుగు రోజులు ఆలస్యంగా తిరిగి వెళ్ళింది. రెండోసారి వారం ఆలస్యమైంది. మూడోసారి ప్రింటు రాలేదు. ఏడాదిన్నర తిరిగేసరికి సొసైటీకి శుభం కార్డు పడింది.

నేను ఏ రూలునూ అతిక్రమించలేదు. అతిక్రమించడానికి రూలంటూ వుంటేగా!

* * *

ఇప్పుడు మన తమ్ముడి ప్రశ్నకి వద్దాం. ఒక పదవిలో వున్నవాడు ఇంకో పదవికి పోటీ చేయవచ్చా? చేయవచ్చు. అది తప్పని నేను అనను. పనిచేసిన వాడు పై మెట్టు ఎక్కాలనుకోవడం సహజం. లోకంలో సంఘాలు ఈ చిక్కుని ముఖ్యంగా మూడు రకాలుగా విడదీసుకుంటాయి.

మొదటి రకం: పదవులన్నిటికీ ఒకేసారి గడువు ముగుస్తుంది, ఒకేసారి ఎన్నిక జరుగుతుంది. రాజీనామా గొడవే లేదు. మన తెలుగు సినిమా నటీనటుల సంఘం 'మా'నే తీసుకోండి. 1993లో చిరంజీవిగారు తొలి అధ్యక్షుడుగా మొదలైన సంఘం. 2015లో రాజేంద్రప్రసాద్‌గారు అధ్యక్షుడైనప్పుడు ప్రధాన కార్యదర్శి శివాజీరాజాగారు. 2017లో ఆయనే అధ్యక్షుడయ్యారు, అదీ ఏకగ్రీవంగా. అప్పుడు ప్రధాన కార్యదర్శి నరేష్‌గారు. 2019లో నరేష్‌గారు ఏకంగా శివాజీరాజాగారి మీదే అధ్యక్ష పదవికి పోటీ చేసి గెలిచారు. అంటే వరసగా రెండుసార్లు కార్యదర్శి కుర్చీలోంచే అధ్యక్షుడు వచ్చాడన్నమాట! అందరి గడువూ ఒక్కసారే తీరిపోయింది కనుక ఎవరూ ఏ కుర్చీనీ మధ్యలో ఖాళీ చేయనక్కర్లేకపోయింది.

రెండో రకం: పోటీకి ముందే పాత పదవికి రాజీనామా చేయాలి. 'దిగి రా, అప్పుడు ఎక్కు' అన్నమాట.

మూడో రకం: రాజీనామా చేయకుండానే పోటీ చేయవచ్చు. గెలిస్తే పాత కుర్చీ ఖాళీ అయినట్టే. ఓడితే పాత పని చేసుకోవచ్చు. మన పార్లమెంటు సభ్యుల సంగతి ఇదే. ఎం.పి.గా వుంటూ అసెంబ్లీకి పోటీ చేయడానికి ముందస్తు రాజీనామా అక్కర్లేదు. గెలిస్తే మాత్రం రెండూ వుంచుకోవడానికి వీల్లేదు. 1950 నాటి నిబంధన ప్రకారం, ఆ ఎన్నిక గెజెట్‌లో పడిన పద్నాలుగు రోజుల్లోగా అసెంబ్లీ సీటు వదులుకోకపోతే పార్లమెంటు సీటు దానంతటదే ఖాళీ అయిపోతుంది. చూశారా, గడువుతో సహా రాసిపెట్టారు. 'చూద్దాంలే' అనడానికి చోటు లేదు.

ఖాళీ కుర్చీకి ఖర్చు వుంటుంది మరి. 1985లో ఎన్‌.టి.రామారావుగారు గుడివాడ, హిందూపురం, నల్గొండ - మూడు చోట్లా నిలబడి మూడు చోట్లా గెలిచారు. హిందూపురం వుంచుకున్నారు. మిగతా రెండు చోట్లా జనం మళ్ళీ క్యూలో నిలబడాల్సి వచ్చింది. అప్పటి చట్టం దానికి అడ్డు చెప్పలేదు. 1996లో చట్టం మార్చి, ఒకరు రెండు చోట్లకి మించి పోటీ చేయకూడదన్నారు.

* * *

రెండో రకానికి సినిమా కథని మించిన కథ ఒకటుంది. 1969వ సంవత్సరం.

రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు ఆ మే నెలలో కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరిగారు తాత్కాలికంగా ఆ స్థానంలో కూర్చున్నారు. తర్వాత రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. ఒక పక్క గిరిగారు. ఇంకో పక్క లోక్‌సభ స్పీకర్ నీలం సంజీవరెడ్డిగారు. ఇద్దరూ తెలుగువాళ్ళే. ఇద్దరూ పెద్ద కుర్చీల్లో వున్నవాళ్ళే. ఉపరాష్ట్రపతిగా వుంటూ రాష్ట్రపతి పదవికి పోటీ చేయకూడదని రాజ్యాంగం ఎక్కడా అనలేదు. అయినా జూలైలో సంజీవరెడ్డిగారు స్పీకర్ పదవి వదిలేశారు. గిరిగారు ఉపరాష్ట్రపతి పదవి వదిలేశారు. ఎన్నిక పూర్తయ్యేదాకా రాష్ట్రపతి బాధ్యతలు చూసింది సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాగారు. పోటీలో వున్నవాళ్ళెవరి చేతిలోనూ తాళాలు లేవన్నమాట.

ఆగస్టులో ఓట్లు లెక్కపెట్టారు. మొదటి ప్రాధాన్యత ఓట్లతో తేలలేదు. రెండో ప్రాధాన్యత ఓట్లు కూడా లెక్కవేస్తేగాని గిరిగారు గెలిచినట్టు తెలియలేదు. అంత టైట్ ఫినిష్! సంజీవరెడ్డిగారికి ఇటు స్పీకర్ కుర్చీ లేదు, అటు రాష్ట్రపతి కుర్చీ లేదు. సొంత జిల్లా అనంతపురం వెళ్ళి వ్యవసాయం చూసుకున్నారు. మన తమ్ముడు భయపడుతున్న 'ఎటూ కాకుండా పోవడం' అంటే అదే.

కాని ఆ కథకి సీక్వెల్ వుంది. 1977లో ఆయన నంద్యాల నుంచి గెలిచి మళ్ళీ స్పీకర్ అయ్యారు. మళ్ళీ రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. మళ్ళీ స్పీకర్ పదవికి రాజీనామా చేశారు. ఈసారి పోటీయే లేదు, ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఒకసారి దిగి ఓడిన మనిషి, ఎనిమిదేళ్ళ తర్వాత కూడా దిగే నిలబడ్డారు. అందుకే ఆ రాజీనామాలంటే నాకు గౌరవం.

* * *

ఇంకో తమాషా హాలీవుడ్‌లో జరిగింది. అక్కడి నటుల సంఘం స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్‌కి 1947లో రాబర్ట్ మాంట్‌గొమరీ అధ్యక్షుడు. ఆయనా, బోర్డులో వున్న మరి కొందరు స్టార్లూ సినిమా నిర్మాణంలో వాటాలు పెట్టారు. నటుల తరఫున నిర్మాతలతో బేరమాడాల్సిన వాళ్ళే నిర్మాతలైతే ఎలా? అంచేత ఆ మార్చిలో అందరూ కలిసి పదవులు వదిలేశారు. ఖాళీ అయిన అధ్యక్ష పదవికి బోర్డు ఒక నటుణ్ణి ఎన్నుకుంది. ఆయన పేరు రోనాల్డ్ రేగన్! తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆయనే. మధ్యలో దిగిపోయి, 1959లో మళ్ళీ గిల్డ్ అధ్యక్షుడై, 1960లో నటుల సమ్మె నడిపించి, సమ్మె ముగిశాక ఆ ఏడే తనూ నిర్మాణంలో వాటాదారు అవుతున్నానని పదవి వదులుకున్నాడు.

మన పక్కనే మద్రాసులో కూడా ఇలాంటి రగడ నడిచింది. తెలుగు కుటుంబంలో పుట్టిన తమిళ హీరో విశాల్ 2015లో నడిగర్ సంఘం ప్రధాన కార్యదర్శి అయ్యాడు. అది నటుల సంఘం. 2017 ఏప్రిల్‌లో తమిళ నిర్మాతల మండలి అధ్యక్షుడిగానూ గెలిచాడు. అదే ఏడాది డిసెంబరులో ఆర్.కె.నగర్ ఉపఎన్నికకి నామినేషన్ వేశాడు. "ముందు మండలి పదవికి రాజీనామా చెయ్" అంటూ దర్శకుడు చేరన్, మరికొందరు నిర్మాతలు బైఠాయించారు. చివరికి ఆ నామినేషన్ తిరస్కరణకి గురైంది, గొడవ వేరే దారి పట్టింది. ఎవరిది రైటు, ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడం నా పని కాదు. నేను చూసింది ఒక్కటే. నామినేషన్ వేశాక మొదలైన వాదనకి అంతుండదు. అప్పటికే ఎవరి పక్షం వాళ్ళకి వుంటుంది. ఏ రూలు ప్రతిపాదించినా అది ఒకడి మెడకి కొలిచి పేనిన తాడులాగే కనిపిస్తుంది.

* * *

ఇక తమ్ముడూ, నీకు చెప్పవలసింది చెబుతాను. మిగతా పాఠకులు కూడా కత్తిరించి దాచుకోవచ్చు.

ఒకటి. నామినేషన్లు ఇంకా మొదలవలేదు కాబట్టి ఈ ఆదివారమే సర్వసభ్య సమావేశం పెట్టించు. ఒక పదవిలో వున్నవాడు ఇంకో పదవికి ఎలా పోటీ చేయాలో రూలు రాయించు. నీకొక్కడికే కాదు, ఇకముందు వచ్చే వాళ్ళందరికీ వర్తించేలా రాయించు. ఆ రూలు మీద చర్చలో నువ్వూ నీ స్నేహితుడూ మాట్లాడకండి. మిగతావాళ్ళు తేల్చనీయండి.

రెండు. ఏ రూలు మంచిదంటావా? అరవైమంది క్లబ్బుకి మూడో రకమే మేలని నా అభిప్రాయం. రాజీనామా చేయకుండా పోటీ చేయవచ్చు, గెలిస్తే ఆ క్షణమే పాత పదవి పోతుంది. ఎందుకంటావా? చిన్న సంఘాల్లో పనిచేసేవాళ్ళు పదిమంది కూడా వుండరు. 'ముందు రాజీనామా' అంటే ఆ పదిమందీ జంకుతారు. పోగొట్టుకునేదేమీ లేనివాళ్ళే ముందుకొస్తారు. రాష్ట్రపతి పదవికి తగిన రూలు పార్కులో కూర్చుని సినిమా గురించి వాదించుకునే కుర్రాళ్ళకి బరువైపోతుంది. అయినా సభ 'రాజీనామా చేయాల్సిందే' అంటే, నవ్వుతూ చేసేయ్.

మూడు. ఇది అన్నిటికంటే ముఖ్యం. పదవి వుంచుకో, తాళాలు వదిలెయ్. ఎన్నిక ప్రకటించిన రోజు నుంచి ఫలితం వచ్చేదాకా డబ్బు, సభ్యుల జాబితా, ఫోన్‌లో లెక్క - అన్నీ పోటీలో లేని ఒక సభ్యుడికి అప్పగించు. ఎంత వుందో రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. నువ్వు నిజాయితీపరుడివే, నాకు తెలుసు. నేనూ నిజాయితీపరుణ్ణే. అయినా మాస్టారికి నా మీద నమ్మకం పోయింది.

నాలుగు. ఓటర్ల జాబితాకి తేదీ కట్టండి. ఎన్నిక ప్రకటన నాటికి చందా కట్టిన వాళ్ళకే ఓటు. ఆ తర్వాత చేరినవాళ్ళు సినిమా చూడొచ్చు, వాదించొచ్చు. ఓటు మాత్రం వచ్చేసారి. ఈ ఒక్క లైను మా రూల్సులో వుండివుంటే నేను ప్రెసిడెంటునయ్యేవాణ్ణి కాను. సొసైటీ బతికేది.

అయిదు. ఖాళీ అయ్యే కుర్చీని ఎవరు, ఎన్ని రోజుల్లో నింపాలో కూడా అదే కాగితంలో రాయండి. నువ్వు గెలిస్తే పదిహేను రోజుల్లో కొత్త ట్రెజరర్ రావాలి. ఆ పదిహేను రోజులూ లెక్క నీ దగ్గరికి తిరిగి రాకూడదు.

ఆరు. ఓడిపోతే మర్నాడే నీ పాత కుర్చీలో వచ్చి కూర్చో. నీ స్నేహితుడు ప్రెసిడెంటు కుర్చీలో వుంటాడు. నువ్వు లెక్క చెబుతూ వుంటావు. మొదటి సమావేశంలో గొంతు కాస్త పట్టేస్తుంది. అయినా రావాలి. దీనికి రూలు ఎవరూ రాయలేరు.

సంఘాన్ని రిజిస్టరు చేయించుకున్నారా లేదా అని నువ్వు రాయలేదు. తెలుగునాట 2001 నుంచీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఒకటి వుంది. రిజిస్టరు చేయించి వుంటే, రూలు మార్చినప్పుడు తీర్మానం కాపీ రిజిస్ట్రారుకి దాఖలు చేయండి. లేకపోతే మీ మినిట్సు పుస్తకమే మీకు చట్టం. అందులో సిరాతో రాసి, వచ్చినవాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించండి.

* * *

మాస్టారి సంగతేమైందని అడుగుతారు మీరు. ఆయన ఇల్లు మా ఇంటికి మూడు వీధుల అవతల. సైకిలు మీద అయిదు నిమిషాలు. వెళ్ళి "తప్పయింది మాస్టారూ" అందామని చాలాసార్లు అనుకున్నాను. రూలు ప్రకారం తప్పేమీ లేదుగా అని నాకు నేనే చెప్పుకుని ఆగిపోయాను. ఆయన రిటైరై కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. తర్వాత కబురే వచ్చింది... మనిషి రాలేదు. ఆయన వేసిన పోస్టరు ఒకటి ఇప్పటికీ నా దగ్గర చుట్టచుట్టి వుంది. ఈ వారం నేను రాద్దామనుకున్న పాత పోస్టర్ల కబుర్లు దాంతోనే మొదలవ్వాలి.

అది వచ్చే వారం. తమ్ముడూ, నువ్వు మాత్రం ఈ రాత్రికే ఆ ఫోన్ లెక్క తీసి ఇంకొకరి చేతిలో పెట్టు. తర్వాత ధైర్యంగా నిలబడు. గెలిచినా ఓడినా నాకో కార్డు ముక్క రాయి. నీ స్నేహితుడి చేత కూడా అందులో ఒక లైను రాయించు.